.22 పిస్టల్‌లో బ్యారెల్ పొడుగైతే పాయింట్లు పెరుగుతాయా?

మిర్చి_టెన్ (గుంటూరు):
అందరికీ నమస్కారం. మాది బ్రాడీపేట. ఎయిర్ పిస్టల్ కొంతకాలంగా చేస్తున్నాను. ఈ సీజన్ నుంచి 25 మీటర్ల పిస్టల్ కూడా మొదలుపెట్టాను. లైసెన్స్ పని ఇంకా తేలలేదు కాబట్టి విజయవాడ వైపున్న ఒక క్లబ్‌లో వాళ్ల పిస్టల్స్‌తోనే ప్రాక్టీస్. అక్కడ నాకు రెండు ఇస్తున్నారు. ఒకటి పాత వాల్తర్ జీఎస్‌పీ, బ్యారెల్ 107 మిల్లీమీటర్లు. రెండోదాని బ్యారెల్ 150. దాని పేరు చెప్తే క్లబ్ ఏదో మీలో సగం మందికి తెలిసిపోతుంది, అందుకని చెప్పను.

పొడుగుదానితో ప్రెసిషన్‌లో (నింపాదిగా గురి చూసి కొట్టే భాగం) సిరీస్‌కి, అంటే ఐదు షాట్లకి, ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ వస్తున్నాయి. జీఎస్‌పీతో షాట్లు చెదురుతున్నాయి. క్లబ్‌లో ఒక సీనియర్ అంకుల్ "బ్యారెల్ పొడుగు కదమ్మా, గ్రూప్ దగ్గరకొస్తుంది, కొనేటప్పుడు కూడా పొడుగుదే కొను" అన్నారు. గ్రూప్ అంటే టార్గెట్ మీద షాట్లు పడిన గుంపు. కోచ్ గారేమో నవ్వి ఊరుకున్నారు. నిజంగా బ్యారెల్ పొడుగుతో యాక్యురసీ పెరుగుతుందా? స్టేట్ మ్యాచ్‌కి ఏదో ఒకదానితో కుదురుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్‌సీసీ_పాతకాపు (తెనాలి):
ఇందులో అడగడానికేముందమ్మా? మేము కాలేజీ రోజుల్లో .22 రైఫిల్‌తో 25 గజాల్లో కొట్టేవాళ్లం. మొదటిసారి పట్టుకున్న కుర్రాడు కూడా గ్రూప్ తీసేవాడు. అదే రౌండు పిస్టల్లో పెట్టి కొట్టమనండి, టార్గెట్ అంతా జల్లెడే. రౌండు అదే, దూరం అదే. తేడా బ్యారెల్‌దే. మీ సీనియర్ సరిగ్గానే చెప్పారు.

ఫిజిక్స్_పంతులు (విజయవాడ):
పాతకాపు గారూ, తేడా బ్యారెల్ ఒక్కటే కాదు సార్. రైఫిల్‌కి భుజం ఆనుతుంది, రెండు చేతులు, పడుకుని కొడితే నేల కూడా సాయం. సైట్ల (గురి చూసే భాగాల) మధ్య దూరం పిస్టల్‌కి మూడింతలు. ఇవన్నీ తీసేసి మొత్తం పుణ్యం గొట్టానికి కట్టబెడితే ఎలా?

బ్యారెల్ పొడుగు వల్ల మారేవి ముఖ్యంగా మూడు. తూటా వేగం, సైట్ రేడియస్, చేతిలో బరువు ఎటు వాలుతుందనేది. మొదటిదానికి గ్రూప్‌తో సంబంధం చాలా తక్కువ.

.22 స్టాండర్డ్ రౌండ్లో తూటా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. మందు చాలా కొంచెం. ప్రెషర్ మొదట్లోనే శిఖరానికి వెళ్లి, అక్కణ్నుంచి పడిపోతూ ఉంటుంది. రైఫిల్లో సుమారు 16 అంగుళాలు దాటాక వేగం దాదాపు పెరగదు. పిస్టల్లో నాలుగంగుళాలకీ ఆరంగుళాలకీ మధ్య మాత్రం తేడా ఉంటుంది. మీ రెండు పిస్టల్స్ మధ్య సెకనుకు 20 మీటర్లు అనుకుందాం. ఒకటి 260, ఇంకోటి 280. 25 మీటర్లు వెళ్లేసరికి మొదటిది 45 మిల్లీమీటర్లు దిగుతుంది, రెండోది 39. ఆరు మిల్లీమీటర్ల తేడా. అదీ షాట్లన్నిటికీ ఒకేలా ఉండే తేడా. సైట్ ఒకటి రెండు క్లిక్కులు తిప్పితే పోతుంది. గ్రూప్ కిందికో పైకో జరుగుతుంది గానీ చెదరదు.

గ్రూప్ చెదరాలంటే వేగం షాట్‌కీ షాట్‌కీ మారాలి. ఐదు మీటర్లు అటూ ఇటూ అయినా 25 మీటర్లలో రెండు మిల్లీమీటర్లు కూడా దాటదు. పది రింగు వ్యాసం 50 మిల్లీమీటర్లు. లెక్క మీరే వేసుకోండి.

రాపిడ్_రాజా (విజయవాడ, వన్‌టౌన్):
పంతులు గారు సెలవుల్లో కూడా క్లాసు ఆపరు. సార్, ఒక డౌట్. పొట్టి బ్యారెల్లో తూటా సరిగ్గా తిరగడానికి టైం ఉండదంటారు. బ్యారెల్ లోపలి మెలిక గాడులు ఒక చుట్టు కూడా పూర్తి కాకుండానే తూటా బయటికొచ్చేస్తుంది కదా?

ఫిజిక్స్_పంతులు:
మంచి డౌట్. .22 లాంగ్ రైఫిల్ బ్యారెల్స్‌లో మామూలుగా 16 అంగుళాలకి ఒక చుట్టు. ఆ లెక్కన 107 మిల్లీమీటర్లలో పావు చుట్టు. 150లో చుట్టులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. రెండింట్లోనూ ఒక చుట్టు అవ్వదు, అవ్వక్కర్లేదు కూడా.

తూటా ఎంత జోరుగా తిరుగుతుందనేది గాడి ఎంత వాలుగా ఉంది, మూతి దగ్గర వేగం ఎంత అనే రెండింటి మీదే ఆధారపడుతుంది. లోపల ఎన్ని చుట్లు తిరిగిందన్నది లెక్కలోకే రాదు. 270 మీటర్ల వేగంతో బయటపడితే సెకనుకు 660 చుట్ల పైన, నిమిషానికి దాదాపు 40 వేలు. 25 మీటర్లు నిటారుగా వెళ్లడానికి అది బోలెడు.

ఆటోనగర్_లేత్ (విజయవాడ):
నేను షూటర్‌ని కాదు, మా బావమరిది షూటర్. నేను లేత్ మనిషిని. గొట్టాల సంగతి నాకు తెలుసు. పొడుగు గొట్టం కంటే పొట్టి గొట్టం గట్టిగా ఉంటుంది, అదరదు. పొడుగు పెంచి మందం పెంచకపోతే అదురు పెరుగుతుంది. ఇది షాఫ్టు అయినా బ్యారెల్ అయినా అంతే.

ఇంకోటి. గొట్టం పొడుగు కాదు, మూతి చూడండి. తూటా చివరిసారి తాకేది అక్కడే. మూతి అంచు ఒక పక్క అరిగినా గీత పడినా, వెనకనుంచి వచ్చే గ్యాస్ ఒక పక్కనుంచి ముందుగా తప్పించుకుని తూటాని పక్కకి నెడుతుంది. క్లీనింగ్ రాడ్ మూతి వైపునుంచి దూర్చి రుద్దే అలవాటు చాలామందికి ఉంది. క్లబ్ పిస్టల్ అంటే పదిమంది చేతులు. ఒకసారి భూతద్దంతో చూడమ్మా.

మిర్చి_టెన్:
థాంక్యూ అన్నా. రెండింటి మూతులూ చూస్తాను. పంతులు గారూ, వేగం సంగతి అర్థమైంది. సైట్ రేడియస్ సంగతి సగంలో వదిలేశారు.

ఫిజిక్స్_పంతులు:
వస్తున్నా. భోజనానికి లేచా.

ఫ్రంట్ సైట్‌కీ రియర్ సైట్‌కీ మధ్య దూరమే సైట్ రేడియస్. కాగితం మీద రెండు చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ గీత గీసి గోడదాకా పొడిగించారనుకోండి. చుక్కలు దగ్గరగా ఉంటే పెన్సిల్ వెంట్రుకవాసి జరిగినా గీత గోడ మీద ఎక్కడికో పోతుంది. దూరంగా ఉంటే అంత పోదు.

అంకెల్లో చెప్పాలంటే 25 మీటర్లను 220 మిల్లీమీటర్లతో భాగిస్తే 114 వస్తుంది. అంటే ఫ్రంట్ సైట్, రియర్ సైట్ గాడిలో మధ్యనుంచి పదో వంతు మిల్లీమీటరు జరిగితే టార్గెట్ మీద 11 మిల్లీమీటర్ల పైన జరుగుతుంది. సైట్ రేడియస్ 160 అయితే అదే పదో వంతుకి 15 దాటుతుంది. పది రింగు దాటకుండా ఉండాలంటే 220 ఉన్న పిస్టల్లో మీకు దాదాపు పావు మిల్లీమీటరు తప్పు చేసే వెసులుబాటు ఉంది. 160 ఉన్నదాంట్లో అయిదో వంతు కూడా లేదు.

పొడుగు బ్యారెల్‌కి మంచి పేరు ఇక్కడినుంచే వచ్చింది. బ్యారెల్ పొడుగైతే ఫ్రంట్ సైట్ ముందుకెళ్తుంది, సైట్ రేడియస్ పెరుగుతుంది, మన తప్పు తక్కువగా కనబడుతుంది. మెచ్చుకోవాల్సింది సైట్ల దూరాన్ని, మెచ్చుకుంటున్నది గొట్టాన్ని.

అందుకని అమ్మా, రేపు క్లబ్‌కి వెళ్లినప్పుడు ఒక స్టీలు స్కేలు తీసుకెళ్లి రెండు పిస్టల్స్ సైట్ రేడియస్ కొలవండి. పిస్టల్ ఖాళీగా ఉందని కోచ్ గారికి చూపించి, సేఫ్టీ ఫ్లాగ్ (లోపల రౌండు లేదని చూపే గుర్తు) పెట్టాకే. నా అనుమానం ఒకటుంది, కొలిచాక చెప్తా.

పటమట_పిస్టల్ (విజయవాడ):
ఆ అనుమానం నేను చెప్పేస్తా పంతులు గారూ, సస్పెన్స్ ఎందుకు. జీఎస్‌పీలో మ్యాగజైన్ ట్రిగ్గర్ ముందు ఉంటుంది. బ్యారెల్ అక్కణ్నుంచి మొదలవుతుంది. బోల్ట్ అంతా వెనక, చేతి పైన. రియర్ సైట్ ఇంకా వెనక్కి. అందుకే 107 బ్యారెల్ పెట్టి కూడా సైట్ రేడియస్ 220 తెచ్చారు. మ్యాగజైన్ పిడిలో ఉండే మామూలు డిజైన్‌లో ఛాంబర్ (రౌండు కూర్చునే చోటు) చేతి పైనే ఉంటుంది కాబట్టి, అదే సైట్ రేడియస్ రావాలంటే బ్యారెల్ పొడుగు ఉండాల్సిందే. పార్దీని ఎస్‌పీ కూడా జీఎస్‌పీ దారే, బ్యారెల్ 120. ప్రపంచ స్థాయి మ్యాచుల్లో ఫైరింగ్ పాయింట్ల మీద చూడండి, ఈ పొట్టి బ్యారెల్ పిస్టల్సే వరసగా కనిపిస్తాయి. పొట్టి బ్యారెల్ గ్రూప్ తీయకపోతే వాళ్లంతా పిచ్చివాళ్లా?

నేను కొన్నేళ్లు నేషనల్స్ ఆడాను. రెండు రకాలూ కొట్టాను. తేడా తెలిసేది చేతిలో బరువు దగ్గర. మూతి వైపు బరువుంటే ప్రెసిషన్‌లో చెయ్యి నెమ్మదిగా కదులుతుంది, ఊగినా సాఫీగా ఊగుతుంది. ఐదు నిమిషాలకి ఐదు షాట్లు, మధ్యలో చెయ్యి దించుకోవచ్చు, కాబట్టి భరించొచ్చు. రాపిడ్ స్టేజిలో చెయ్యి 45 డిగ్రీల కింద ఉంచి, టార్గెట్ తిరగగానే లేపి మూడు సెకన్లలో ఒక షాట్ వదలాలి. ఏడు సెకన్లు ఆగి మళ్లీ. అక్కడ మూతి బరువైతే చెయ్యి పైకి లేచి పది రింగు దాటి పోతుంది, మళ్లీ కిందికి లాక్కోవాలి. మణికట్టు సన్నగా ఉండే అమ్మాయిలకి ఇది బాగా తెలుస్తుంది. చాలా పిస్టల్స్‌కి విడి బరువులు వస్తాయి, బ్యారెల్ కింద బిగించుకోవచ్చు, తీసేయొచ్చు. ముందు అవి లేకుండా మొదలుపెట్టు చెల్లీ.

రాపిడ్_రాజా:
అక్కా, వీడియోల్లో అమెరికా వాళ్లు స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41 ఏడంగుళాల బ్యారెల్‌ది వాడతారు. అది తెప్పించుకుంటే సైట్ రేడియస్ కూడా పెరుగుతుంది, మూతి బరువు కూడా వస్తుంది. రెండు లాభాలు.

జ్యూరీ_బాబాయ్ (గుంటూరు):
తెప్పించుకుంటే మూడో లాభం కూడా ఉంది నాయనా. ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (మ్యాచ్‌కి ముందు పిస్టల్ తనిఖీ) నా టేబుల్ దగ్గరకి రాగానే ఇంటికి పంపిస్తా.

25 మీటర్ల రిమ్‌ఫైర్ పిస్టల్‌కి, అంటే ఈ .22కి, ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రూల్ స్పష్టంగా ఉంది. బ్యారెల్ 153 మిల్లీమీటర్లు దాటకూడదు. సైట్ రేడియస్ 220 దాటకూడదు. బరువు 1400 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ వెయ్యి గ్రాములకి తగ్గకూడదు. మొత్తం పిస్టల్ 300, 150, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. ఏడంగుళాలంటే 178. అది అమెరికా వాళ్ల బుల్స్‌ఐ మ్యాచులకి. మోడల్ 41లోనే ఐదున్నర అంగుళాలది ఉంది, అది 140 కాబట్టి పాసవుతుంది.

రూల్ 220 దగ్గర ఆగింది కాబట్టి, తయారీదార్లు ఎవరి డిజైన్‌తో వాళ్లు ఆ 220 దగ్గరకే చేరుకున్నారు. చేరుకున్నాక బ్యారెల్ 107 ఉందా 150 ఉందా అన్నది మాకు పెద్ద విషయం కాదు, షూటర్‌కీ కాదు.

ఎన్‌సీసీ_పాతకాపు:
అలాగైతే 50 మీటర్ల ఫ్రీ పిస్టల్ బ్యారెల్స్ అంత పొడుగెందుకు చేశారండీ? టీఓజెడ్-35 చూశాను, బ్యారెల్ 30 సెంటీమీటర్లు. పొడుగుతో పని లేకపోతే రష్యా వాళ్లు ఊరికే ఇనుము దండగ చేశారా?

ఫిజిక్స్_పంతులు:
ఇది అసలు ప్రశ్న. ఫ్రీ పిస్టల్‌కి బ్యారెల్ పొడుగు మీద హద్దు లేదు, సైట్ రేడియస్ మీద లేదు, ట్రిగ్గర్ బరువు మీద లేదు. దూరం రెట్టింపు, టార్గెట్ మాత్రం అదే, పది రింగు అదే 50 మిల్లీమీటర్లు. అక్కడ సైట్ తప్పు రెట్టింపవుతుంది, వేగంలో తేడా వల్ల వచ్చే ఎత్తు తేడా నాలుగింతలవుతుంది. ఇక్కడ ఐదు మీటర్ల వేగం మారితే రెండు మిల్లీమీటర్లు కూడా లేదన్నాను కదా, అక్కడ ఏడుకి దగ్గర. గాలి కూడా తోడు. కాబట్టి పొడుగు సైట్ రేడియస్, కొంచెం ఎక్కువ వేగం, మూతి బరువు, మూడూ అక్కడ పనికొస్తాయి. టైం కూడా బోలెడు, చెయ్యి గబుక్కున లేపాల్సిన పని లేదు.

25 మీటర్ల ఆట వేరు. ఆ మూడింట్లో ఒకదానికి రూల్ హద్దు పెట్టింది, ఒకటి అక్కర్లేదు, ఒకటి రాపిడ్‌లో అడ్డం.

పటమట_పిస్టల్:
ఫ్రీ పిస్టల్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా, ఇంకా ఎవరైనా కొడుతున్నారా ఇక్కడ? 2014 ఏషియన్ గేమ్స్‌లో జీతూ రాయ్ గోల్డ్ కొట్టినప్పుడు మా రేంజ్‌లో అందరూ అదే మాట. 2016 రియో తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు, అందరూ వదిలేశారు. నాకైతే పిస్టల్ షూటింగ్‌లో అంత అందమైన ఈవెంట్ ఇంకోటి లేదు.

ఎన్‌సీసీ_పాతకాపు:
పంతులు గారి లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ తూటా బ్యారెల్ వదిలేలోపు చెయ్యి కదిలితే షాట్ పోతుంది. పొడుగు బ్యారెల్లో అది ఎక్కువసేపు ఉంటుంది కదా. ఆ లెక్కన నా వాదన నేనే పాడుచేసుకుంటున్నానేమో గానీ, అది కూడా చెప్పండి.

ఫిజిక్స్_పంతులు:
మీ నిజాయితీకి దండం. 107కీ 150కీ తేడా 43 మిల్లీమీటర్లు. 270 మీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి సెకనులో ఆరు వేలవ వంతు. ట్రిగ్గర్ వదిలాక హ్యామర్ వెళ్లి పిన్నుని కొట్టడానికే దానికంటే చాలా ఎక్కువ టైం పడుతుంది. ఫాలో త్రూ, అంటే ట్రిగ్గర్ వదిలాక కూడా గురి కదలకుండా పట్టి ఉంచడం, లేకపోతే షాట్ అక్కడే పోతుంది, బ్యారెల్ దాకా రాదు. కాకపోతే తూటా లోపల ఉండగానే పిస్టల్ వెనక్కి తన్నడం, మూతి లేవడం మొదలవుతుంది. గ్రిప్ ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకుంటే ఆ లేవడం మారుతుంది. గ్రిప్ ఒకేలా ఉంటే బ్యారెల్ పొడుగేదైనా బాధ లేదు.

కళ్లజోడు_నంబర్2 (మంగళగిరి):
యాభై దాటినవాళ్ల తరఫున ఒక మాట. మాకు ఫ్రంట్ సైట్ ఎంత దూరముంటే అంత స్పష్టంగా కనబడుతుంది. దగ్గరది మసక. పొడుగు బ్యారెల్ పిస్టల్ పట్టుకోగానే "ఆహా, యాక్యురసీ" అనిపించేది అందుకే, అసలు సంగతి కన్ను. డాక్టరుతో చెప్పి షూటింగ్ కళ్లజోడుకి ఫ్రంట్ సైట్ దూరానికి సరిపోయేలా అర పాయింటో ముప్పావో ప్లస్ పెట్టించుకుంటే పొట్టి బ్యారెల్‌తో కూడా అదే ఆహా వస్తుంది. ఆ అంకుల్ గారి వయసెంతో అడుగమ్మా.

మిర్చి_టెన్:
అరవై ఉంటాయండీ. అది అడగను.

స్కేలు పెట్టి కొలిచాను. జీఎస్‌పీ 220. రెండోది 212. అంటే పొట్టి బ్యారెల్ దానికే సైట్ రేడియస్ ఎక్కువ! మూతులు కూడా చూశాం, రెండూ శుభ్రంగా ఉన్నాయి. మరి నాకు జీఎస్‌పీతో షాట్లు ఎందుకు చెదురుతున్నాయి?

రాపిడ్_రాజా:
150ది కోయించి 107 చేస్తే రెండూ సమానం అవుతాయి, అప్పుడు తేల్చుకోవచ్చు. ఆటోనగర్ అన్న ఉండనే ఉన్నాడు.

ఆటోనగర్_లేత్:
నన్ను లోపల వేయించేలా ఉన్నావు తమ్ముడూ. అలాంటి పని మా షెడ్డులో ముట్టుకోం.

జ్యూరీ_బాబాయ్:
జోక్‌కి కూడా వద్దు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 6. లైసెన్స్ లేకుండా తుపాకీ బ్యారెల్ పొట్టి చేయడం నేరం. లైసెన్స్ ఉన్న పిస్టల్ అయినా సరే. మూతి దెబ్బతింటే అనుమతి ఉన్న ఆయుధాల డీలరు దగ్గరకి కాగితాలతో వెళ్లాలి. ఎయిర్ పిస్టల్ నుంచి వచ్చినవాళ్లకి ఈ తేడా ముందే తెలియాలి. .177 లోపు, 20 జౌళ్ల లోపు ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, ఎవరింట్లోనైనా ఉంటుంది. .22 అలా కాదు. మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ దాని దగ్గరకి కూడా తీసుకెళ్లకండి.

ఫిజిక్స్_పంతులు:
కోయకుండానే తేల్చొచ్చు. అమ్మా, కోచ్ గారి సమక్షంలో ఇలా చెయ్యండి. ఇసుక సంచి మీద చెయ్యి, పిస్టల్ ఫ్రేము ఆనించండి, బ్యారెల్ ఆనించొద్దు. రెండింటికీ ఒకే కంపెనీ, ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) రౌండ్లు. ఒకదాంతో అన్నీ కొట్టేసి రెండోది అందుకోవద్దు, అప్పటికి చెయ్యి అలిసిపోయి ఉంటుంది. ఒక ఐదు ఇది, ఒక ఐదు అది, మళ్లీ తిరగేసి. తర్వాత మామూలుగా నిలబడి ఒంటి చేత్తో అలాగే. ప్రతి షాట్‌కీ టార్గెట్ చూడకముందే ఎక్కడ పడిందో చెప్పి రాయించుకోండి.

వీలైతే రెండు లాట్లు. .22లో లాట్‌కీ లాట్‌కీ తేడా బ్యారెల్ పొడుగు కంటే ఎక్కువ కనబడుతుందని నా నమ్మకం. రిమ్‌ఫైర్‌లో పేలుడు మసాలా అంచు లోపల చుట్టూ పరిచి ఉంటుంది, అది సమంగా పరుచుకోకపోతే మందు అంటుకోవడం షాట్‌కో రకంగా ఉంటుంది. ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో లాట్ పడుతుంది. అందుకే పెద్ద షూటర్లు రౌండ్లు తయారుచేసే ఎలీ, లాపువా వాళ్ల టెస్ట్ రేంజ్‌లకి సొంత బ్యారెల్స్ తీసుకెళ్లి మరీ లాట్ ఎంచుకుంటారు.

పటమట_పిస్టల్:
ఇంకో మాట, మన ఎండలకి. రౌండ్ల డబ్బా టేబుల్ మీద ఎండలో పెట్టకు. సీసం తూటాలకి పైన మైనం లాంటి పూత ఉంటుంది, అది మెత్తబడి చేతికి అంటుతుంది, దుమ్ము పడుతుంది. మే నెలలో మన దగ్గర రౌండ్లు నీడలో ఉండాల్సిందే. డ్రై ప్రాక్టీస్ (రౌండు లేకుండా ట్రిగ్గర్ లాగడం) కూడా కోచ్‌ని అడక్కుండా ఉత్తి ఛాంబర్ మీద కొట్టకు, రిమ్‌ఫైర్ పిన్ను ఛాంబర్ అంచుని నొక్కేస్తుంది. కొన్ని మ్యాచ్ పిస్టల్స్‌కి డ్రై కోసం వేరే ఏర్పాటు ఉంటుంది.

మిర్చి_టెన్:
చేశాం. కోచ్ గారు పక్కనే కూర్చుని షాట్లు రాశారు. చివరికి ఆయనకీ సరదా పుట్టి ఆయన కూడా కొట్టారు.

ఇసుక సంచి మీద మంచి లాట్‌తో రెండు పిస్టల్స్ గ్రూపులూ పది రింగు లోపలే, ఏది దేనిదో కలిపేస్తే చెప్పలేం. క్లబ్‌లో మిగిలిపోయిన పాత లాట్‌తో రెండూ వెడల్పయ్యాయి, పొడుగు బ్యారెల్‌ది కొంచెం ఎక్కువ వెడల్పైంది కూడా.

నిలబడి కొట్టినప్పుడే తేడా. జీఎస్‌పీతో నా షాట్లు తొమ్మిది గంటల వైపు, అంటే ఎడమకి, పోతున్నాయి, నేను కాల్ చేసింది (చూడకముందే చెప్పింది) మాత్రం మధ్యలో. కోచ్ గారు అదే పిస్టల్‌తో కొడితే మధ్యలోనే. అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని చూసి, గ్రిప్ సైజు చూశారు. జీఎస్‌పీకి ఉన్నది పెద్ద సైజు గ్రిప్. నా వేలు ట్రిగ్గర్‌కి కొసతో మాత్రమే అందుతోంది. నిటారుగా వెనక్కి లాగకుండా పక్కకి నెడుతున్నానట. రెండో పిస్టల్‌కి గ్రిప్ చిన్నది.

పటమట_పిస్టల్:
హమ్మయ్య. ఈ ఊళ్లో సగం మంది అమ్మాయిలు క్లబ్ పిస్టల్‌తో బాధపడేది ఇందుకే. క్లబ్‌లు కొనేటప్పుడు మగవాళ్ల చెయ్యి చూసి కొంటాయి, మ్యాచ్‌లో మార్కులు తగ్గితే మాత్రం "అమ్మాయికి స్ట్రెంగ్త్ చాలదు" అంటారు. ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ గోల్డ్ తెచ్చాక మన వైపు నుంచి కూడా చిన్నపిల్లలు బాగా వస్తున్నారు. వాళ్లకి ముందు చిన్న గ్రిప్‌లు తెప్పించండి, బ్యారెల్ చర్చలు తర్వాత.

ఆటోనగర్_లేత్:
గ్రిప్ చెక్కే కదా? దానికి కూడా చట్టం ఉందా బాబాయ్? మా పక్క షెడ్డులో చెక్క పని బాగా చేస్తారు.

జ్యూరీ_బాబాయ్:
గ్రిప్‌కి సెక్షన్ లేదు, రూల్ ఉంది. మణికట్టు పూర్తిగా బయటికి కనబడాలి, గ్రిప్ దానికి ఊతం ఇవ్వకూడదు. క్లబ్ గ్రిప్ మాత్రం క్లబ్‌ని అడక్కుండా అరగదియ్యకండి, రేపు ఇంకొకరికి కావాలి. చిన్న సైజు గ్రిప్ విడిగా తెప్పించుకుని, మిగతాది వుడ్ పుట్టీతో సరిచేసుకోవడం మేలు.

చెక్క వాల్‌నట్ లాంటి గట్టిది కావాలి. కొండపల్లి దగ్గరే కదా అని పొణికి చెక్క వాడతానంటారేమో, అది బొమ్మలకి. చెమటకి నాని, బిగిస్తే నొక్కుకుపోతుంది.

ఎన్‌సీసీ_పాతకాపు:
గ్రిప్ సంగతి ఒప్పుకుంటాను, అమ్మాయి విషయంలో అదే అయ్యుంటుంది. కానీ అదే గ్రిప్, అదే సైట్ రేడియస్, అదే బరువు ఉండి, బ్యారెల్ ఒక్కటే పొడుగున్న పిస్టల్ ఇస్తే నేను పొడుగుదే తీసుకుంటాను. ఏమంటారు?

ఫిజిక్స్_పంతులు:
తీసుకోండి సార్. ఇసుక సంచి మీద తేడా చూపించగలిగితే మీకు బాబాయ్ హోటల్లో ఇడ్లీ నా ఖర్చు.

ఎన్‌సీసీ_పాతకాపు:
ఇడ్లీ కాదు, నెయ్యి కారప్పొడితో పాటు. వచ్చే ఆదివారం వస్తున్నా.

మిర్చి_టెన్:
కోచ్ గారు ఒక పాత చిన్న గ్రిప్ సంపాదించారు. స్టేట్ మ్యాచ్‌కి జీఎస్‌పీతోనే వెళ్తున్నాను, రాపిడ్‌లో అది చేతికి తేలిగ్గా లేస్తోంది. లైసెన్స్ వచ్చాక కొనే మాట అప్పుడు చూసుకుందాం. పుట్టీ ఆరడానికి ఎన్ని గంటలు వదలాలి అక్కా?

పటమట_పిస్టల్:
డబ్బా మీద రాసినదానికి రెట్టింపు వదిలెయ్. మన తేమకి త్వరగా ఆరదు. గట్టిపడకముందే చేతికి నూనె రాసుకుని ఒకసారి పట్టుకుని చూసుకో, అచ్చు పడుతుంది. ఆరాక సన్న ఎమరీ కాగితం.

జ్యూరీ_బాబాయ్:
పుట్టీ పెట్టాక పిస్టల్ బరువు, పెట్టె కొలత మళ్లీ చూపించుకో. అరచెయ్యి కింది షెల్ఫ్ కొంచెం బయటికొచ్చినా 50 మిల్లీమీటర్ల వెడల్పు దాటుతుంది. మ్యాచ్ రోజు పొద్దున కాకుండా ముందు రోజే కంట్రోల్‌కి రా, అప్పుడైతే అరగదీసుకోవడానికి టైం ఉంటుంది.